మిరియం కన్ను

జూన్ 4
పక్కింటి పిల్లితో తగువు పెట్టుకుని మా పిల్లి మిరియం ఎడమ కంటికి దెబ్బ తెచ్చుకుంది. కార్నియా మీద, అంటే నల్లగుడ్డు పైపొర మీద, సన్నటి గీత, అంతే. నేను పశువుల కంటి డాక్టర్ని కాబట్టి ఇంట్లోనే చూసేశాను. యాంటీబయాటిక్ డ్రాప్స్ ఇచ్చి, పూటపూటా వేయమని మామయ్యకు అప్పగించాను. అత్తయ్య పోయాక ఆయన మనసు విప్పి మాట్లాడేది దానితోనే. ఆయనకూ ఈమధ్యే కాటరాక్ట్ ఆపరేషన్ అయింది. ఒక కన్ను బాగైంది, రెండోదాంట్లో ముదిరిన శుక్లం అలాగే ఉంది. నల్లకళ్లద్దాల మామయ్య, కన్ను చికిలించే పిల్లి, ఒకే సోఫాలో. నవ్వాపుకోలేకపోయాను.

జూన్ 6
క్లినిక్‌లో ఊపిరాడలేదు. మిరియం బాగానే ఉందన్నారు మామయ్య.

జూన్ 8, పొద్దున
మిరియం కన్ను చూశాను. గీత కాస్తా గుంట అయింది. కార్నియా కరిగి జావలా జారుతోంది. నేనిచ్చిన మందుకు ఇలా ఎందుకవుతుంది?

మధ్యాహ్నం
క్లినిక్‌లో దాని తెల్లగుడ్డు మీది పల్చటి పొరలోంచి చిన్న ముక్క తిప్పి, గుంట మీద కుట్టాను. రెప్పలు కలిపి కుట్టేశాను. విప్పేదాకా చూపు దక్కిందో లేదో తెలియదు.

సాయంత్రం
ఫ్రిజ్‌లో నేనిచ్చిన సీసా సీలు కూడా విప్పలేదు! మామయ్య ఆపరేషన్ తర్వాత తనకిచ్చిన కంటి మందే వేశారట. దానితో తనకు లోకమంతా కడిగినట్టు కనిపించిందట, నోరులేనిదానికి తక్కువ రకం ఎందుకనుకున్నారట. అది స్టెరాయిడ్, ఆపరేషనైన కంటికి వాపు రాకుండా వేసేది. పుండు పడ్డ కార్నియాకు మాత్రం విషం. అది మందు కాదు, నిప్పు అని అరిచేశాను. మనుషుల మందులు వేయొద్దని ఊరందరికీ చెప్పే జాగ్రత్త ఇంట్లో చెప్పలేదు. దీపం కింద చీకటి.

తనవల్లేనా అమ్మాయ్ అని అడిగారు. నేను నా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

జూన్ 10
ఎవరి గదిలో వాళ్లం తింటున్నాం.

జూన్ 22
కుట్లు విప్పాను. అతుకు చోట గులాబీ మచ్చ, మిగతాదంతా అద్దం. దాని కుడికన్ను మూసి, ఎదురుగా దూదిపింజ జారవిడిచాను. తల తిప్పి చూసింది! ఎగిరి గంతేశాను.

ఇంటికి తెచ్చి మామయ్యకు చూపించాను. ఏదీ ఏదీ అంటూ చేతులు చాచారు. పిల్లి ఎదురుగానే ఉంది. ఆయన చేతులు పక్కకు వెళ్లాయి.

ఆయన కళ్లద్దాలు తీశాను. ఆపరేషనైన కన్ను ఎర్రటి నిప్పు. ఏమీ అనకుండా దూదిపింజ ఒకటి ఆయన ముందు జారవిడిచాను. ఆయన నవ్వుతూనే ఉన్నారు.

జూన్ 23, కారులో
నేను అరిచిన రోజే మామయ్య తన కంటి మందంతా సింకులో పారబోసి, ఆ తర్వాత చుక్క కూడా వేసుకోలేదట. నిప్పని నేనే అన్నానుగా.

కంటి ఆసుపత్రికి వెళుతున్నాం. మిరియం ఆయన ఒళ్లోంచి లేచి కిటికీ బయటికి చూస్తోంది. ఏం కనబడుతోందే అని ఆయన దాన్ని అడుగుతున్నారు.