అరవై ఒకటో పేజీ అంచు

తార్నాక,
మార్చి 12

ప్రియమైన కోడలు లిడియమ్మకు, ప్రభువు నామమున దీవెనలు.

నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి. ఏడో తరగతివాడి రాత, మన్నించి చదువుకో తల్లీ. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నేను మాట కూర్చుకునేలోపు నువ్వు "హలో, హలో, మామయ్యా, సిగ్నల్ లేదా?" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

నువ్వు బస్సులో పంపిన థీసిస్ కాగితాలు అందాయి. క్యాంపస్‌కి నడిచి వెళ్ళి మీ గైడు సింధూజ మేడమ్ చేతికే ఇచ్చాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

ఉద్యోగం మానక్కర్లేదు, సెలవుల్లో క్లాసులకొస్తే చాలు, రెండేళ్ళ ఎం.ఎడ్.ని నాలుగేళ్ళలో ఎప్పుడైనా ముగించుకోవచ్చు అని చేరావు. నాలుగో ఏడూ అయిపోవస్తోంది. ఏప్రిల్ ముప్పై దాటితే మొదటికొస్తుందట, ఆఫీసులో బోర్డు చూశాను. అడిక్‌మెట్ షాపులో నీ పుస్తకానికి నల్ల రెక్సిన్ కోసి పెట్టాను. ఇన్నేళ్ళు ఎవరెవరి పుస్తకాలో బైండు చేశాను. మనింటి పేరున ఇదే మొదటిది.

మీ అత్తయ్య మా అబ్బాయి ప్రశాంత్‌ని అడిగానంది. జవాబు రాయి.

మీ మామయ్య,
యాకోబు

*

కొల్లాపూర్,
మార్చి 21

ప్రియమైన మామయ్యకు వందనాలు.

మీ రాత నాకు బాగానే అర్థమవుతుంది. నాలుగో తరగతి పిల్లల నోట్సులు దిద్దే దాన్ని కదా!

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నాలు రాసుకుంటున్నాను. నా విషయం మీకెప్పుడూ చెప్పలేదు. క్లాసులో నోరు విప్పని పిల్లల గురించి. మా బడిలో సమ్మక్క అనే పిల్ల ఉంది. ఏం అడిగినా నేల చూస్తుంది. అలాంటివాళ్ళని పన్నెండుమందిని ఏడాదిపాటు గమనించి రాశాను. మేడమ్ దిద్ది ఇవ్వగానే ఆ కాగితాలు నాకు పంపండి. ఆవిడ చెప్పినవి మార్చి, మంచి కాపీ తీస్తాను. ఈసారి పోతే మళ్ళీ చేరే ఓపిక నాకు లేదు, మామయ్యా.

మీ కోడలు,
లిడియా

*

తార్నాక,
ఏప్రిల్ 3

ప్రియమైన లిడియమ్మకు దీవెనలు.

ఒక తప్పు చేశాను. ముందే చెప్పేస్తున్నాను.

నీ ఉత్తరం నా చేతికి రాకముందే మేడమ్ కాగితాలు తిరిగి ఇచ్చారు. మా షాపుకొచ్చే పిల్లలు, గైడు ఇచ్చాడంటే బైండుకే ఇస్తారు. నేనూ అలాగే అనుకున్నాను. కుట్టేశాను. కాగితాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని మిషన్లో పెట్టి అంచు అరంగుళం కోసేశాను. అట్ట వేసి, బంగారు అక్షరాలు కొట్టి, ఎండలో పెట్టి చూసుకుని మురిశాను. సాయంత్రం తిప్పి చూస్తే పేజీ చివర పెన్సిలుతో సగం అక్షరం కనిపించింది. మేడమ్ దిద్దుబాట్లన్నీ సన్నగా అంచులోనే రాశారమ్మా. నేను అంచే కోసేశాను. పరుగున వెళ్తే ఆవిడ ఢిల్లీ వెళ్ళారన్నారు.

కోత ముక్కల బస్తా అప్పటికే చిత్తుకాగితాలు కొనే రద్దీ రాజన్న పట్టుకుపోయాడు. వారాసిగూడలో అతని కొట్టుకి వెళ్ళి నేలమీద కూర్చుని వెతికాను.

"ఏంది తాతా, గీ చెత్తల బంగారం పోయిందా?" అన్నాడు.

"అంతకంటే ఎక్కువే" అన్నాను.

నవ్వాడు గాని, పక్కన కూర్చుని తనూ వెతికాడు.

నాలుగు రోజులు పట్టింది. ఏ ముక్క ఏ పేజీదో తెలియాలంటే పేజీ చదవాలి. బైండరు చదవకూడదని మా మేస్త్రీ అనేవాడు, చదివితే పని సాగదని. నీది మొత్తం చదివాను. మైదా జిగురుతో ముక్కలన్నీ అంటించి పంపుతున్నాను. కోప్పడినా సరే, రాయి.

యాకోబు

*

కొల్లాపూర్,
ఏప్రిల్ 12

ప్రియమైన మామయ్యకు వందనాలు.

పుస్తకం చూసి ముందు ఏడ్చాను. తరువాత ఆ ముక్కలు చూసి నవ్వొచ్చింది. ఒక్కటీ తప్పు పేజీలో లేదు. మేడమ్‌కి ఫోన్ చేసి అన్నీ వరుసగా చదివి వినిపించాను. ఔను, ఔను అంటూ వచ్చి అరవై ఒకటో పేజీ దగ్గర ఆగారు. "అది నేను రాయలేదమ్మా. మళ్ళీ చదువు" అన్నారు.

ఆ పేజీలో నేను, ఈ పిల్లలకు ప్రశ్న అర్థం కాక మాట్లాడరు అని తేల్చాను. పక్కన అంచు ముక్కమీద ఇలా ఉంది: "అర్థమవుతుంది. లోపల మాట కూర్చుకునేలోపు పక్కవాడు చెప్పేస్తాడు. కొంచెం ఆగండి."

రాత ఎవరిదో నాకు తెలుసు.

మర్నాడు సమ్మక్కని ఎక్కం అడిగి ఆగాను. మనసులో అంకెలు లెక్కపెట్టాను. క్లాసంతా గొణిగింది. పన్నెండు దగ్గర పిల్ల నోరు విప్పి తప్పు లేకుండా చెప్పింది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?" అంటే, "నాకెరుకే టీచర్. నువ్వే ఆగవు" అంది.

నేను ఏడాది గమనించింది పిల్లల్ని కాదు, నా తొందరని. అయిదో అధ్యాయం మొత్తం మార్చాలి. బడి ఇరవై మూడు దాకానే. ఆలోపు పన్నెండుమందినీ మళ్ళీ చూడాలి. ప్రశాంత్, "ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్. డిగ్రీ పోతే ఎవడిస్తాడు?" అంటున్నాడు. మేడమ్, "తేదీ జరపడం నా చేతిలో లేదు, నిర్ణయం నీదే" అన్నారు.

తప్పని తెలిసిన మాట మీద సంతకం పెట్టలేను. తిరగరాస్తున్నాను. ప్రార్థన చెయ్యండి.

లిడియా

*

తార్నాక,
మే 6

ప్రియమైన లిడియమ్మకు దీవెనలు.

ఇరవై తొమ్మిది పొద్దున నీ కాగితాలు వచ్చాయి. మేడమ్ కొత్త అధ్యాయం నా ముందే చదివి సంతకం పెట్టారు. రాత్రికి బైండు ఆరింది. ముప్పైన లైన్లో నిలబడ్డాను. కౌంటరులో గుమస్తా, "ఏంది తాతా, ఈ ఉమర్ల ఎం.ఎడ్. చేసినవా?" అన్నాడు. దానికి మంచి జవాబు తట్టింది గాని, అప్పటికి ఇంటికొచ్చేశాను. రసీదు ఇందులో పెట్టాను.

ఇంకొక సంగతి. వేసవి క్లాసులకి నలభైమంది టీచర్లు వచ్చారు. అంచు మీద రాసింది నేనేనని, నాది ఏడో తరగతేనని నువ్వు మేడమ్‌కి చెప్పావట, నన్ను కబురు పెట్టి పిలిపించి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు.

"యాకోబుగారూ, మీరు ఏడుతో బడి ఎందుకు మానేశారు?" అని అడిగారు.

నాకు మాట రాలేదు. ఆవిడ మరో ప్రశ్న వెయ్యలేదు. నలభైమందీ కదల్లేదు. ఫ్యాను తిరుగుతోంది. నన్ను ఎవరూ అంతసేపు ఆగి చూడలేదమ్మా.

అప్పుడు చెప్పాను. "నేను మానలేదండీ. హాజరు పిలిచినప్పుడు 'ఉన్నానండి' అనే మాట నా నోటికొచ్చేలోపు మాస్టారు తరువాతి పేరుకి వెళ్ళిపోయేవారు. రోజూ బడిలోనే ఉన్నాను. ఏడాదంతా రానట్టు పడింది. పేరు కొట్టేశారు. మా నాన్న నేను బడి ఎగ్గొట్టాననుకుని బైండింగుకి పంపాడు."

ఇంటికొచ్చి మీ అత్తయ్యకీ చెప్పాను. "నలభై ఆరేళ్ళు కాపురం చేసి ఇప్పుడా చెప్పేది?" అని గదమాయించింది. ఏదో అనబోయాను. మామూలుగా అయితే తనే అందుకునేది. ఈసారి చేటలో బియ్యం అలాగే పట్టుకుని నా మొహం చూస్తూ ఊరుకుంది.

నీ వైవా ఎప్పుడో తెలియజెయ్యి. ఆ రోజు లోపలికి రాను, వరండాలో ఉంటాను. ఏం రాయాలో నిదానంగా ఆలోచించుకో, తొందరలేదు. జవాబు మాత్రం వెంటనే రాయి.

మీ మామయ్య,
యాకోబు