జున్నుకు పెట్టిన పెరుగు చక్కెర

కాజీపల్లి,
14 నవంబర్ 2025, శుక్రవారం.

చి. శ్రీలతకు అరుణమ్మ దీవెనలతో రాయునది. ఇక్కడ మేము బాగానే ఉన్నాం. రుద్రారంలో నువ్వు వేళకు తింటున్నావనుకుంటాను.

పేరుకు ముందు సౌభాగ్యవతి అని రాయబోయి ఆగాను. నువ్వూ మా అనిలూ విడిపోయినట్టు కోర్టు కాగితం వచ్చాక నిన్ను ఏమని పిలవాలో నాకెవరూ చెప్పలేదు. మీ మామయ్యను అడిగితే, "బిడ్డా అని రాయి. గా మాటను ఏ కోర్టు కాదంటది?" అన్నారు. ఫోన్ చెయ్యొచ్చు కదా అనుకుంటావు. నీ గొంతు వింటే నాకు అసలు మాట బయటికి రాదు.

నీ జున్ను సంగతి చెప్పాలి. హాస్టల్లో కుక్కల్ని ఉండనివ్వరని నువ్వు వదిలి వెళ్లినప్పటి నుంచి అది నా కొంగు వెంటే తిరుగుతోంది. మనిషి ఒళ్లో పట్టేంత ప్రాణి, పెత్తనం మాత్రం సర్పంచ్‌ది. పాలవాడు దాన్ని అడిగే గేటు తీస్తాడు. ఈ మధ్య దవడ వాచి నమలడం మానేసింది. పటాన్‌చెరులో చూపిస్తే, కుళ్లిన పళ్లు మత్తిచ్చి తీయాలన్నారు.

అక్కడి భవాని డాక్టరమ్మ మంచిది. బరువు తూచింది, రక్తం పరీక్ష చేయించింది. "గింత పానానికి మత్తు జెర ఎక్కువైనా కష్టమే అమ్మా" అంది. చిన్న ఒళ్లు జల్దీ చల్లబడుతుందట, ఒక దుప్పటి కూడా తెమ్మంది. "పొద్దున ఏం పెట్టొద్దు, నీళ్లు తాగితే పర్వాలేదు. కడుపుల ఏమన్న ఉంటే మత్తుల కక్కుతది, అది ఊపిరితిత్తులల్లకు పోతే దక్కదు" అని గట్టిగా చెప్పింది.

మొన్న బుధవారం తీసుకెళ్లాం. డాక్టరమ్మ సూది పట్టుకుని, "పొద్దున ఏమన్న తిన్నదా?" అని అడిగింది. పెరుగు చక్కెర పెట్టానన్నాను. మన ఇంట్లో పెద్ద పని మీద గడప దాటేవాళ్లను అది తినిపించనిదే పంపం కదా, అలవాటు కొద్దీ మరిచిపోయి పెట్టానని చెప్పాను. ఆమె సూది పక్కన పెట్టేసి, నిజం చెప్పి బతికించావంది. వచ్చే గురువారానికి వాయిదా వేసింది. "నీ ప్రేమ సల్లగుండ, దాన్ని సంపుతుంటివి గదనే!" అని మీ మామయ్య దారి పొడుగునా తిట్టారు. జున్ను మాత్రం ఆటోలో మూతి నాక్కుంటూ కూర్చుంది.

మత్తు దిగేటప్పుడు తెలిసిన గొంతు వినబడితే కుక్క బెదరదట. నా గొంతూ దానికి తెలుసు. కానీ మన సందులో ఏ ఆటో ఆగినా నువ్వొచ్చావనుకుని అది గేటు దగ్గరికి ఉరుకుతుంది. దాన్ని పిలిచే నెపంతో నేనూ బయటికొస్తాను. నువ్వు లేక నాకు ఈ ఇంట్లో ఏమీ తోచడం లేదు శ్రీలతా. వంటలో ఉప్పు సరిపోయిందా అని అడగడానికి కూడా ఆడమనిషి లేదు. మగవాళ్లు ఏది పెట్టినా బాగుందనే అంటారు.

గురువారం అనిల్‌కు పగటి షిఫ్టు. ఎదురుపడతాడన్న పరేషాన్ వద్దు. పొద్దున్నే ఇంటికి రా, కలిసి వెళ్దాం.

ఇంకో పిలుపు అలవాటు కాని
నీ అత్తమ్మ,
అరుణమ్మ.

తా.క.: డాక్టరమ్మకూ మీ మామయ్యకూ అబద్ధం చెప్పాను. నేనేమీ మరిచిపోలేదు. నువ్వు వెళ్లిన రోజు గిన్నెలో పెరుగు చక్కెర కలిపి వాకిట్లోకి వచ్చేసరికి నీ ఆటో మలుపు తిరిగింది. మళ్లీ నువ్వు ఈ గడప తొక్కలేదు. జున్నును కూడా అట్లా తినకుండానే పంపితే అదీ తిరిగి రాదేమోనని భయపడ్డాను. ఈసారి దానికి ఏమీ పెట్టను, ఒట్టు. గిన్నె మాత్రం కలిపి ఉంచుతాను. సాయంత్రం నువ్వు రుద్రారం వెళ్లేటప్పుడు తిని వెళ్లు.