మీ అమ్మకు మిగిలిన పేరు

కేంద్రపడా

అమ్మా సబితా,

అమ్మకు నాన్న ఇంకా గుర్తున్నాడా అని ఏడుస్తూ రాశావు. గుర్తున్నానమ్మా, నిక్షేపంగా గుర్తున్నాను! మాటల తర్వాత మనుషులనూ మరిచిపోతుందని డాక్టరు బెదిరించాడు గానీ, విను.

వస్తువుల పేర్లన్నీ పోయి, యాభై ఏళ్ళుగా ఆచారం కొద్దీ నోట పలకని మొగుడి పేరు 'బైధర్' ఒక్కటే మీ అమ్మకు మిగిలింది. కాకీ బైధరే, చెప్పూ బైధరే. నిన్న గుమ్మంలో చేపలమ్మితో, "ఆ బైధర్ తోక కోసి, పొలుసు తియ్యవే!" అంది.

"తాతా, పారిపో!" అని చేపలమ్మి ఒకటే నవ్వు.

"కొయ్యవే తల్లీ! ఇన్నాళ్ళకు నా పేరు పలికింది!" అన్నాను.

నా గొంతు వినగానే మీ అమ్మ ముసుగు లాక్కుని, గోడవైపు తిరిగి చేపలమ్మితోనే చెప్పింది: "పళ్ళెంలో బైధర్ చల్లారిపోతోంది, ఆయన్ని వచ్చి తినమనవే."

ఊరంతా బైధర్లేనమ్మా, నేనొక్కణ్ణే 'ఆయన'!

మీ నాన్న