గురువారం గ్రీకు పాట

మే 4, సోమవారం
ఉతకడానికి వేయబోతూ మా ఆయన బస్సు డ్రైవర్ చొక్కా జేబు తడిమాను. పాత టైమ్‌టేబుల్ కాగితం. వెనుక ఆయన చేతివ్రాత. తెలుగు అక్షరాలే — తెలుగు కాదు. పన్నెండు పంక్తులు. చివరి పంక్తిలో ఒకే మాట రెండుసార్లు: 'ఫెవ్‌గో, ఫెవ్‌గో.'
ఉన్నచోటనే ఉంచాను. చొక్కా ఉతకలేదు.

మే 5
స్నానాల గదిలో పాడుతున్నారు. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఈ మనిషి పాడగా వినలేదు. తలుపు తట్టాను. ఆగింది.
"ఏమిటండీ ఆ పాట?"
"పాటేంటే? గొంతు సవరించుకుంటున్నా."

మే 6
పగలంతా ప్యాకింగ్ షెడ్డులో నిలబడి, రాత్రి తరగతుల్లో కూర్చుని, నలభై ఆరో ఏట పట్టా సాధించినదానిని. పన్నెండు పంక్తులకు లొంగుతానా? కాగితం నకలు చేసుకుని లైబ్రరీకి వెళ్ళాను. అక్కడి అమ్మాయికి చదివి వినిపించాను. "గ్రీకులా ఉంది" అన్నది. నిఘంటువుతో గంటన్నర. తేలినవి రెండే మాటలు. 'ఖ్రోనియా' — సంవత్సరాలు. 'ఫెవ్‌గో' — వెళ్ళిపోతున్నాను.
బస్సు ఎక్కలేదు. మౌంట్ రాస్కిల్‌లో మా ఇంటి దాకా నడిచే వచ్చాను.

మే 7, గురువారం
ఆయనకు సెలవు. ఎప్పటిలాగే, "సాండ్రింగ్‌హామ్ వెళ్ళి కూరలు తెస్తా." నాలుగు వంకాయలకు మూడు గంటలు. కొత్తిమీర కట్ట తల వాల్చేసింది — ఎప్పుడో కొని కారులో ఉంచినది. అడగలేదు. పచ్చడి నూరాను.

మే 9
కొత్త చొక్కా కొనుక్కున్నారు. నీలం.

మే 14, గురువారం
టాక్సీలో వెంబడించాను. వ్రాయడానికే సిగ్గుగా ఉంది — అయినా వ్రాస్తాను.
వృద్ధాశ్రమం. కిటికీ పక్క కుర్చీలో ఒక పెద్దాయన. పక్కన మెడకు స్కార్ఫు చుట్టుకున్న పెద్దావిడ. ఎదురుగా స్టూలు మీద, నీలం చొక్కాలో, మా ఆయన. కాగితం చూస్తూ పాడుతున్నారు. శ్రుతి లేదు. పెద్దాయన వేలు మాత్రం దుప్పటి మీద తాళం తప్పడం లేదు. గుమ్మంలో నన్ను మా ఆయన చూశారు. పాట ఆపలేదు.
తిరుగు ప్రయాణంలో ఆయనే చెప్పారు — "ఎలెనీ ఆంటీ. రోజూ నా బస్సే. గొంతు ఆపరేషన్ అయ్యాక గుసగుసే మిగిలింది పాపం. వాళ్ళాయనకి మతిమరుపు — ఇంగ్లీషు పోయింది, మనుషులూ గుర్తు లేరు. ఓడెక్కి ఈ దేశం వస్తున్నప్పుడు ఆవిడ పాడిన పాటొక్కటే గుర్తు. ఫోన్లో పెడితే వినడు. మనిషి పాడాలంట."
"నాతో ఎందుకు చెప్పలేదు?"
సిగ్నల్ దగ్గర కారు ఆపి — "చెబితే దిద్దుతావు."

మే 15
దిద్దుతాను. తప్పుంటే దిద్దకూడదా?

మే 17
దిద్దినవి గుర్తు చేసుకుంటున్నాను. ఆయన ఇంగ్లీషు. అన్నం కలిపే తీరు. నలుగురిలో ఆయన కథ చెబుతూ ఉంటే — "అది మంగళవారం కాదండీ, బుధవారం."
ఆయన కథలు చెప్పడం ఎప్పుడు మానేశారు? తేదీ గుర్తు లేదు. అన్ని తేదీలూ గుర్తుండే నాకు.

మే 18
అయినా — 'ఫెవ్‌గో' దగ్గర కళ్ళు మూసుకున్నారు. కాగితం చూడలేదు. ఆ ఒక్క మాట కంఠస్థం. ఎవరి తరఫున అంటున్నారు? పెద్దాయన తరఫునేనా...

మే 23
పెద్దాయన పోయారట. మా ఆయన అన్నం తినలేదు. పళ్ళెం తీశాను. ఏమీ అనలేదు — అనకుండా ఉండడం ఇంత కష్టమని తెలియదు.

మే 28, గురువారం
నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. కాలరు మీద మడత ఉండిపోయింది. నోరు మూసుకున్నాను.
"ఇంకెవరికండీ పాట?"
"ఆంటీకి. ఒక్కసారి వినాలంటోంది."
ఇస్త్రీపెట్టె ఆగింది. తల ఎత్తకుండానే — "వస్తావా?"
ఆ మాటలో పిలుపెంతో, మర్యాదెంతో తేలడం లేదు. చెప్పులు వేసుకుని కూర్చుని ఇది వ్రాస్తున్నాను. బయట కారు స్టార్టయింది.
ఇంకా కదలలేదు. కారు. నేనూ.