మూర్తికి నచ్చని దెయ్యం

శనివారం రాత్రి, ఎడిసన్

మూర్తి ఇంట్లో థాయ్ దెయ్యం సినిమా చూశాం. అందులో చనిపోయిన అత్తగారికి రోజూ గుమ్మం ముందు కూల్‌డ్రింక్ పెట్టడం కోడలు మానేస్తుంది. ఆ అత్తగారు దెయ్యమై తిరిగొస్తుంది. మాతో కలిసి చూసిన కుర్రాళ్లు "మస్తు భయమైంది అంకుల్" అన్నారు. నాకూ నచ్చింది.

కాఫీలు తాగుతుంటే మూర్తి అందరి ముందూ నవ్వాడు. "లాజిక్ ఏదయ్యా? చచ్చినవాళ్లు కూల్‌డ్రింకులు తాగుతారా? ఇలాంటి చెత్త నీకే నచ్చాలి."

నా వ్యాసాలనూ ఏళ్లుగా చెత్త అనే అంటున్నాడు. ఈసారి వదలకూడదనుకున్నాను.

మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లాను. కిందటేడు పోయిన అతని భార్య ఫొటో ముందు కాఫీ గ్లాసు ఉంది. ఇంకా పొగలు కక్కుతోంది.

తిరిగొచ్చాక, "ఏం, జవాబు దొరకలేదా?" అన్నాడు.

"నువ్వన్నదే నిజం. లాజిక్ లేదు" అన్నాను.

గెలిచినవాడు నవ్వాలి. మూర్తి నవ్వలేదు, వంటింటి వైపు చూశాడు.