అమ్మ అన్న మైపెన్‌రై

ఉబోన్, బుధవారం

నాన్నకి నమస్కారం. అమ్మ కులాసాగానే ఉంది, నువ్వు బెంగపడకు.

ఇవాళ కోర్టులో వాదనంతా అమ్మ అన్న ఒక్క మాట మీదే నడిచింది. జబ్బు కన్ను వదిలేసి మంచి కంటికి ఆపరేషన్ చేసి చూపు పోగొట్టిన డాక్టరు, మర్నాడు మంచం దగ్గర చేతులు జోడిస్తే, అమ్మ కంటికి కట్టుతోనే "మైపెన్‌రై, ఫర్వాలేదులే బాబూ" అందట. ఆసుపత్రి లాయరు అదే పట్టుకుని, "ఆవిడ అప్పుడే క్షమించేసింది, కేసు కొట్టేయండి" అన్నాడు.

జడ్జిగారు మన ఊళ్ల వైపు ఆవిడే. "ఎందుకలా అన్నావు పెద్దమ్మా?" అని అడిగారు.

"ఆ డాక్టరబ్బాయి ఏడుస్తున్నాడమ్మా. ఇంకేమంటాను?"

జడ్జిగారు లాయరు వైపు తిరిగారు. "బజార్లో ఎవరైనా కాలు తొక్కితే నేనూ మైపెన్‌రై అంటాను. నొప్పి లేదనా దానర్థం? అది మర్యాదండీ, రాజీ కాదు."

కేసు నడుస్తుంది. తమ తప్పు లేదని ఇక ఆసుపత్రివాళ్లే రుజువు చేసుకోవాలట.

బాతులకి తవుడు వేస్తున్నావా? పిన్ని ఇటొస్తే మనింటి మిరపకారం పంపు. ఇక్కడి కూరలు అమ్మకి సయించడం లేదు. అడిగితే మాత్రం "ఫర్వాలేదు" అంటుంది.

అమ్మ ఇంటికొచ్చాక నువ్వా మాట నమ్మకు నాన్నా, రెండోసారి అడుగు. నిన్న నేను రెండోసారి అడిగితేనే, చీకటంటే భయమేస్తోందని చెప్పింది.

నీ ఆరోగ్యం జాగ్రత్త.
నీ కూతురు,
పికుల్