మామయ్య చేతిలో పెయింట్ పెన్

శనివారం, రాత్రి

మామయ్య ఈ రోజు మళ్లీ అక్షరాలు రాశారు. ఏళ్ల తరబడి ఈ ఊళ్లో దుకాణాలకు బోర్డులు రాసిన మనిషి, కుడి చేయి వణకడం మొదలయ్యాక బ్రష్ ముట్టుకోలేదు.

పక్కింటి సుమకు పేరు పలక చేసిస్తానన్నాను. చెక్కకు నీలం రంగు వేశాను, పువ్వులూ వేశాను. సన్నని అక్షరాలు మాత్రం నా వల్ల కాలేదు. చూస్తూ కూర్చున్న మామయ్య చేతికి తెల్ల పెయింట్ పెన్ ఇచ్చాను.

"ఇది పిల్లోళ్ల స్కెచ్ పెన్ మాదిరి ఉండాది కదమ్మా."

"బాగా ఊపి, మొనను కాగితం మీద నొక్కండి మామయ్యా. రంగు దిగుతుంది."

కాగితం మీద రెండు గీతలు గీసి చూసుకున్నారు. తర్వాత మణికట్టును బల్లకు ఆనించి, పలక మీద నెమ్మదిగా రాశారు. పెన్ను మొన గట్టిది కాబట్టి చేయి కాస్త అదిరినా గీత లావెక్కలేదు.

"బ్రష్ నా మాట వినేది మానేసె. ఇది వింటా ఉండాది," అన్నారు.

చివరి అక్షరం కొంచెం వంకరపోయింది. ఆరకముందే తుడుద్దామని తడిబట్ట తీశాను.

"ఉండనీమ్మా. అది కూడా నేను రాసిందే కదా."

అలాగే ఉంచేశాను.

సాయంత్రం కాఫీ తాగేటప్పుడు ఆయన ఎడమ చేయి కూడా వణకడం చూశాను. మా ఆయనకు చెప్పాలి, డాక్టరుకు చూపించాలి. కానీ అన్నాల దగ్గర మామయ్య తన కొడుకుతో ఆ పలక గురించే మాట్లాడుతూ కూర్చున్నారు. ఆ మాటల మధ్య చెప్పలేకపోయాను. రేపు పొద్దున్నే చెప్పాలి...